చెరువు తగ్గినదా, లెక్క తప్పినదా?

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు బాటలో సుమారు 30 కిలోమీటర్ల దూరమున రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము కలదు. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరును ఆ ఊరు నేటికిని మోయుచున్నది. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినది ఈ ప్రభువునకే; తెలుగు కవుల నోట ఇతడు మల్కిభరాముడైనాడు. ఆ కావ్యమును చదువువారు నేడు కొద్దిమంది. ఆయన కాలపు పెద్దచెరువు మాత్రము కట్టమీదుగా పోవు ప్రతివానికిని కనబడును. 19వ శతాబ్దమున ఈసా నది నీటిని ఈ వైపునకు మళ్ళించుటకై త్రవ్విన కాలువను జనులు నేటికిని ఫిరంగి నాలా అందురు.

పూర్వము చెరువులో నీరెంత ఉన్నదని అడిగినచో నీరటి చెప్పెడివాడు. తూముదగ్గర ఎన్ని మెట్లు మునిగినవో, ఎన్ని మెట్లు తేలినవో చూచి, ఈ యేడు ఆయకట్టులో ఎంతవరకు నాట్లు వేయవచ్చునో అతడు తేల్చెడివాడు. అతని లెక్క తప్పినచో ఆ తప్పు నెలలోపల పొలములో కనబడెడిది. నేడు అదే ప్రశ్నకు ఆకాశమునుండి కూడ సమాధానము వచ్చుచున్నది. అమెరికా వారి లాండ్‌శాట్ ఉపగ్రహము 16 దినముల కొకమారు, ఐరోపా వారి సెంటినెల్-2 జంట 5 దినముల కొకమారు ఈ చెరువుమీదుగా పోవుచు చిత్రములు తీయుచున్నవి. భారతదేశపు మొదటి దూరసంవేదన ఉపగ్రహమైన ఐ.ఆర్.ఎస్.-1ఎ 1988 మార్చి 17 న కక్ష్య కెక్కినది. అట్టి చిత్రములను అందుకొను జాతీయ దూరసంవేదన కేంద్రమువారి భూకేంద్రము షాద్‌నగరులో, అనగా ఇదే రంగారెడ్డి జిల్లాలో ఉన్నది.

ఇది వట్టి విజ్ఞానవినోదము కాదు. 2015 లో ప్రారంభమైన మిషన్ కాకతీయ క్రింద పునరుద్ధరణకు గుర్తింపబడిన చెరువులే 46,000కు మించినవి. అన్నిటి గట్లమీదను మనుష్యుని నిలుపుట సాధ్యము కాదు గనుక, నీరు పెరిగినదా తరిగినదా అని చూచుటకు చిత్రముల లెక్క అవసరమగుచున్నది. పూర్తి నీటిమట్టపు హద్దు ఎక్కడ, శిఖము భూమి ఎక్కడ అను తగవులలో కూడ ఉపగ్రహచిత్రము సాక్షిగా వచ్చుచున్నది. సాక్షి చూచినది నిజమే కావచ్చును. సాక్షి మాటను అనువదించువాడు తప్పినచో ఒకని పొలము చెరువగును, ఒక చెరువు పొలమగును.

ఆ అనువాదకుడు కంప్యూటరు ప్రోగ్రాము. దాని పొరపాట్లకు ఒక విచిత్రగుణము కలదు. గుణకారము తప్పిన బాలుని జవాబు తప్పుగానే కనబడును. ప్రోగ్రాము తప్పినప్పుడు మాత్రము దశాంశబిందువు తరువాత ఆరు స్థానములవరకు తీర్చిదిద్దిన సంఖ్య వచ్చి నిలుచును.

ఇబ్రహీంపట్నము చుట్టుప్రక్కల ఇంజనీరింగు కళాశాలలు అనేకము కలవు. అందొక విద్యార్థి ఈ చెరువునే అభ్యాసముగా తీసికొన్నాడని ఊహింపవచ్చును. అతడు ఊహాపాత్రయే గాని అతనికి ఎదురగు చిక్కులన్నియు ఈ పని చేయువారికి నిత్యము ఎదురగునవే.

అతని పని ఇది. ఉపగ్రహము ప్రతి చిన్నచదరమునకు, అనగా ప్రతి పిక్సెలునకు, అనేక రంగులలో వెలుగును కొలుచును. లాండ్‌శాట్ పిక్సెలు 30 మీటర్ల చదరము; హెక్టారునకు సుమారు 11 పిక్సెళ్లు వచ్చును. కంటికి కనబడని పరారుణకాంతిని నీరు మ్రింగివేయును, పచ్చని ఆకు వెనుకకు కొట్టును. ఆకుపచ్చకాంతిని నీరు కొంత వెనుకకు పంపును. కావున ఆకుపచ్చ విలువ నుండి పరారుణ విలువను తీసివేసి, ఆ రెండింటి మొత్తముచేత భాగించినచో నీటికి ధనసంఖ్యయు, నేలకు ఋణసంఖ్యయు రావలెను. 1996 లో మెక్‌ఫీటర్స్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన ఈ నీటిసూచిక ఎనిమిదవ తరగతి బీజగణితమునకు మించినది కాదు. ఈ సూచిక ఎన్నటికిని 1కి మించదు, −1కి తగ్గదు. ఈ ఒక్క మాటను విద్యార్థి మొదటనే కాగితముమీద వ్రాసికొనియుండిన అతనికి ఒక రాత్రి నిద్ర మిగిలెడిది.

అతడు లాండ్‌శాట్-5 తీసిన పాత చిత్రమును పైథాన్ భాషలో చదివించి, సూత్రము వ్రాసి, ఫలితమును చూచినాడు. చెరువుకంటె చెరువు చుట్టునున్న పొలములు ఎక్కువ నీరుగా తేలినవి. గుట్టలు సైతము మునిగినవి. చెరువు మాత్రము అంతంతమాత్రపు తడిగా కనబడినది.

ఇట్టి సమయమున నూటికి తొంబదిమంది చేయు పని ఒకటి కలదు. సున్న దగ్గర ఉంచిన హద్దును 0.3కు, 0.5కు, 0.7కు జరుపుచు, పటము కొంచెము చెరువువలె కనబడువరకు ఆ తంటాలు పడుదురు. ఇది దొంగను పట్టుకొనుట కాదు, దొంగకు కండువా కప్పి పెద్దమనిషిని చేయుట. హద్దు జరిపినవానికి ఆనాటి చిత్రము సరిపడును. మరుసటి నెల చిత్రము మరల ఎదురుతిరుగును, అప్పుడు తప్పు ఎక్కడ పుట్టినదో జాడకూడ మిగలదు.

విద్యార్థి ఆ పనికి పూనుకొనక రెండే పిక్సెళ్లను తీసి పలకమీద లెక్క వేసినాడనుకొనుడు. నీటి పిక్సెలులో ఆకుపచ్చ 60, పరారుణము 20. తేడా 40, మొత్తము 80, సూచిక 0.5. యంత్రమును అదియే చెప్పినది. పొలము పిక్సెలులో ఆకుపచ్చ 40, పరారుణము 90. తేడా −50, మొత్తము 130, సూచిక సుమారు −0.38 కావలెను. యంత్రము 1.58 అనినది. ఒకటికి మించరాని సంఖ్య ఒకటికి మించినది!

ఇందలి కిటుకు సంఖ్యలను దాచు పెట్టెలో ఉన్నది. లాండ్‌శాట్-5 చిత్రములో ప్రతి విలువకును ఎనిమిది బిట్ల స్థలమే కేటాయింపబడినది. ఆ పెట్టెలో 0 మొదలు 255 వరకు పట్టును, ఋణసంఖ్యకు చోటులేదు. గడియారములో పన్నెండు దాటిన ముల్లు మరల ఒకటిమీదకు వచ్చినట్లు, సున్నకు దిగువకు పోయిన లెక్క 255 వైపునుండి తిరిగివచ్చును. 40లో 90 పోగా −50 కావలసినది 206 అయినది. 206ను 130చేత భాగించిన 1.58. యంత్రము లెక్క తప్పలేదు. దానికిచ్చిన పలకలో ఋణచిహ్నము వ్రాయుటకు చోటు లేదు.

ఇంతకంటె వింత ఏమనగా, ఇదే సూత్రమును ఇదే చిత్రముమీద మ్యాట్‌ల్యాబ్ అను మరియొక సాధనములో నడిపినచో జవాబు వేరు. అది ఋణమగు సంఖ్యను గుండ్రముగా త్రిప్పక సున్నవద్దనే ఆపివేయును; భాగహారపు ఫలితమును కూడ పూర్ణాంకమునకు సవరించును. కావున పొలము సూచిక 0, నీటి సూచిక 1 అగును. పటము చూచుటకు ముచ్చటగా ఉండును, నలుపు తెలుపుగా చెరువు విడివడును. లెక్క మాత్రము అక్కడను తప్పే. పైథాన్ తప్పు కేకవేసినది, మ్యాట్‌ల్యాబ్ తప్పు మౌనముగా కూర్చున్నది. ఇందు రెండవదియే ఎక్కువ అపాయకరము. నివారణ రెండింటికిని ఒకటే: తీసివేతకు ముందుగా విలువలన్నిటిని దశాంశసంఖ్యలుగా మార్చవలెను. ఒక్క పంక్తి.

రెండవ చిక్కు సగటులో వచ్చును. ఉపగ్రహచిత్రము కాగితము వలె నిలువుగా ఉండదు. భూమి తిరుగుచుండుటచేతను కక్ష్య ఏటవాలు అగుటచేతను దాని నాలుగుమూలల నల్లని ఖాళీ మిగులును. అచ్చట విలువ సున్న. అది చీకటి నేల కాదు, కొలతయే లేని చోటు. ప్రోగ్రామునకు ఆ భేదము తెలియదు. నూరు పిక్సెళ్లలో 75 పిక్సెళ్ల సగటు 80 అయి, మిగిలిన 25 ఖాళీలైనచో, చిత్రము సగటు 60 అని వచ్చును. పరీక్షకు రానివానికి సున్న మార్కులు వేసి తరగతి సగటు కట్టినట్లే ఇది. ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. లాండ్‌శాట్-7 చిత్రములలో ఈ ఖాళీలు మూలలలోనే కాక మధ్యలోకి చారలుగా చొచ్చుకొనివచ్చినవి. 2003 మే 31 న ఆ ఉపగ్రహములోని పంక్తులను సరిచేయు యంత్రభాగము చెడిపోయినది. నాటినుండి ప్రతి చిత్రములోను సుమారు 22 శాతము పిక్సెళ్లు లోపించినవి. ఖాళీలను నేలగా లెక్కించినవాని దృష్టిలో 2003 జూను నుండి దేశములోని చెరువులన్నియు నూటికి ఇరువది వంతులు కుంచించుకొనిపోయియుండును.

ఈ ఖాళీలమీద సూచిక కట్టినచో సున్నను సున్నచేత భాగించవలసి వచ్చును. యంత్రము దానికి సంఖ్యకానిది అని గుర్తువేయును. కడివెడు పాలలో విషపుబొట్టు వలె అట్టి పిక్సెలు ఒక్కటి ఉన్నను మొత్తము సగటు సంఖ్య కాకుండ పోవును. కొందరు ఆ గుర్తును చూచి విసిగి దానిస్థానమున సున్నను పెట్టి ముందుకు సాగుదురు. జబ్బు ముదురునది అక్కడనే.

దీనిని పట్టుటకు గొప్ప సాధనములు అక్కరలేదు. పదవ తరగతి సాంఖ్యకశాస్త్రములో నేర్పు అంకమధ్యమము, మధ్యగతము, బాహుళకము అను మూడింటిని ఒకచోట వేసికొనిన చాలును. బాహుళకము సున్న అని వచ్చినదా? అంతటి పెద్ద మండలములో ఎక్కువచోట్ల కాంతి బొత్తిగా లేకుండుట ఎట్లు సాధ్యము? సోపానచిత్రము గీసినచో సున్నదగ్గర ఒక్క స్తంభము తాటిచెట్టువలె నిలిచి కనబడును. సగటు ఒక్కటే చూచువానికి ఆ చెట్టు కనబడదు.

ఇక మూడవది. ఇది పైరెండింటికంటె సూక్ష్మమైనది. ఇందు ప్రోగ్రాములో దోషము లేదు, చిత్రములో దోషము లేదు.

చాలకాలము నీరులేక బోసిపోయియుండిన ఇబ్రహీంపట్నము చెరువు 2022 వర్షములకు నిండి అలుగు పారినది. కట్టమీదకు జనులు చూడవచ్చిరి. విద్యార్థి ఇప్పుడు సెంటినెల్-2 చిత్రములను 2019 నుండి వరుసగా తీసికొని నీటి విస్తీర్ణపు గీత గీసినాడనుకొనుడు. అతడు దశాంశములను మార్చినాడు, ఖాళీలను తొలగించినాడు. తడినేలను నీటినుండి వేరుచేయుటకు సూచిక 0.2కు మించినదే నీరని, పాత చిత్రములను చూచి జాగ్రత్తగా హద్దు పెట్టుకొన్నాడు. గీత 2021 వరకు చక్కగా నడచినది. 2022 ఆరంభమున దభాలున క్రిందపడినది. చెరువు నిండిన సంవత్సరముననే గీతలో చెరువు మాయమైనది.

ఇచ్చట విద్యార్థిముందు రెండు త్రోవలు ఉండును. తనకు తెలిసినదానికి విరుద్ధముగా వచ్చెను గనుక ఆ సంవత్సరమును గీతనుండి తుడిచివేయవచ్చును. లేదా, యంత్రము చెప్పినది గనుక నమ్మి, చెరువు ఎండుటకు కారణములు వెదకవచ్చును. బోరుబావులు, ఆక్రమణలు, పూడిక అని నాలుగు పుటల వ్యాసము సిద్ధమగును, చదువువారు తలలూపుదురు. ఈ రెండవది ఎంత సులభమో తలచుకొనిన భయము కలుగును. తప్పుసంఖ్యకు కారణములు దొరకకపోవుట అనునది ఎన్నడును జరుగలేదు.

మూడవ త్రోవ ఒకటి కలదు: ఇదే ప్రోగ్రామును పొరుగు చెరువుమీద నడుపుట. శామీర్‌పేట చెరువు, హిమాయత్‌సాగరము, ఇబ్రహీంపట్నము చెరువు వేర్వేరు వాగుల నీటిని త్రాగునవి. మూడును ఒకే దినమున ఒకే విధముగా పడిపోయినచో అది వానదేవుని పని కాజాలదు. పడిన దినమును వెదకినచో అది 2022 జనవరి 25 అని తేలును.

ఆ దినము నుండి సెంటినెల్-2 చిత్రములను తయారుచేయు ఐరోపా సంస్థ తన పద్ధతిని మార్చినది. నేల వెనుకకు పంపిన కాంతి భాగమును 10,000 చేత హెచ్చవేసి పూర్ణాంకముగా ఇచ్చుట మొదటినుండి వారి ఆచారము. మిక్కిలి చీకటిగానున్న చోట, ముఖ్యముగా నీటిమీద, కొలతలోని చిన్నచిన్న ఊగిసలాటలచేత విలువ సున్నకు దిగువకు పోవుట కలదు. ఆ ఋణవిలువలు పాతపద్ధతిలో నరికివేయబడుచుండెను. వానిని కాపాడుటకై ప్రతి విలువకును 1000 కలిపి ఇచ్చుట ప్రారంభించిరి. వాడుకొనువారు ఆ 1000ని తిరిగి తీసివేయవలెనని చిత్రముతోబాటు వచ్చు వివరపత్రములో వ్రాసిరి. మంచి ఉద్దేశముతోనే చేసినారు. కాని వివరపత్రములను ఎవరు చదువుదురు?

పాఠకులు ఈ లెక్కను స్వయముగా వేయవచ్చును. నీటి పిక్సెలులో ఆకుపచ్చ 600, పరారుణము 300. తేడా 300, మొత్తము 900, సూచిక 0.33; హద్దు 0.2 గనుక అది నీరే. రెండింటికిని వేయేసి కలుపగా 1600, 1300 అగును. తేడా మారలేదు, 300. మొత్తము 2900 అయినది. సూచిక 0.10కు పడినది, అదే నీరు నేల అయినది. హద్దు సున్నయే అయియుండినచో చిహ్నము మారదు గనుక ఈ దోషము బయటపడకపోయెడిది. జాగ్రత్తపడి 0.2 పెట్టుకొన్నవాడే చిక్కుకొన్నాడు! ఆ తరువాత ఆ సంస్థవారు పాతచిత్రములను కూడ క్రొత్తపద్ధతికి మార్చి విడుదలచేయుచు వచ్చిరి. పాతవి కొన్ని, క్రొత్తవి కొన్ని కలిపి పెట్టుకొన్న కంప్యూటర్లలో మాత్రము జనవరి 25 నాటి గండి ఇంకను ఉండవచ్చును.

ఇంతవరకు చెప్పిన చిక్కులు లెక్క వేయుటలోనివి. లెక్కకు అర్థము చెప్పుటలో ఒక చిక్కు కలదు. దానిని ఇంజనీరింగు విద్యార్థులకంటె సాంఖ్యకశాస్త్రజ్ఞులు ఎక్కువ ఎరుగుదురు. నూరు హెక్టార్ల నీటిలో లాండ్‌శాట్ పిక్సెళ్లు సుమారు 1,111. రెండు సంవత్సరముల సూచికలను పోల్చి పరీక్ష చేయగా, ఈ తేడా కేవలము యాదృచ్ఛికముగా వచ్చుటకు అవకాశము కోటిలో ఒక వంతు కూడ లేదని యంత్రము చెప్పును. విద్యార్థి ఉప్పొంగును. కాని ఆ పరీక్ష ప్రతి పిక్సెలును స్వతంత్రసాక్షిగా భావించినది. చెరువు నడుమనున్న పిక్సెలునకు, దాని పొరుగు పిక్సెలునకు భేదమేమి? ఒకే సాక్షిని వేయిన్నినూటపదకొండుమార్లు బోనెక్కించి, ఇంతమంది చెప్పినారు గనుక నిజమేయన్నట్లున్నది ఆ తీర్పు.

ఈ సందర్భమున కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని స్మరింపకుండుట కష్టము. తెలుగు కుటుంబమున 1920 లో హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తా భారతీయ సాంఖ్యక సంస్థలో పనిచేసి, 2023 లో నూటరెండేండ్లు నిండిన వయస్సున కీర్తిశేషులైన ఆ మహాశాస్త్రజ్ఞుడు, 1945 లో ప్రకటించిన వ్యాసములో దత్తాంశము ఇయ్యగల సమాచారమునకు ఒక హద్దు కలదని నిరూపించిరి. పక్షపాతములేని అంచనా ఎంత నేర్పుతో చేసినను, దాని విచలనమును ఆ హద్దుకు దిగువకు తీసికొనిపోవుట ఎవ్వరితరమును కాదు. స్వీడను దేశీయుడైన క్రామెర్ పేరును చేర్చి దానిని క్రామెర్-రావు హద్దు అందురు. పిక్సెళ్లను చిన్నవిచేసి సంఖ్య పెంచుకొన్నంతమాత్రమున చెరువును గూర్చి తెలిసినది పెరగదు.

అయినను ఊహింపని ఫలితము వచ్చినప్పుడెల్ల ప్రోగ్రామునే దోషిగా నిలబెట్టుట కూడ న్యాయము కాదు. ప్రపంచచరిత్రలో రెండు సంగతులు రెండు వైపులను చూపుచున్నవి.

1978 లో అమెరికావారు పంపిన నింబస్-7 ఉపగ్రహము భూమిచుట్టునున్న ఓజోనును కొలిచి పటములు పంపుచుండెను. 180 డాబ్సన్ యూనిట్లకు తక్కువ వచ్చిన విలువలకు అనుమానాస్పదమను గుర్తు పెట్టుమని దాని ప్రోగ్రాములో వ్రాసియుండిరి, అంత తక్కువ ఓజోను ఎక్కడను చూడలేదు గనుక. దక్షిణధ్రువముపైన అట్టి గుర్తులు గుంపుగా చేరినవి. ఇంతలో 1985 మే నెలలో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు, అంటార్కిటికాలోని హాలీ బే కేంద్రమున నేలమీదినుండి తీసిన కొలతలతో, ఓజోను పొర ప్రతి వసంతమున భయంకరముగా పలుచబడుచున్నదని నేచర్ పత్రికలో ప్రకటించిరి. యంత్రము ఆ విలువలను పారవేసినదని లోకములో ఒక కథ ప్రచారములో ఉన్నది. అది సరికాదు, విలువలు భద్రముగానే ఉన్నవి, గుర్తులను శాస్త్రజ్ఞులు గమనించియే ఉండిరి. ఆ ఆశ్చర్యము యంత్రదోషమా, భూమి సంగతియా అని తేల్చుకొనుటకు వారికి కాలము పట్టినది. నేలమీద నిలిచి ఆకాశమువైపు చూచినవారు ముందు చెప్పగలిగిరి.

రెండవ సంగతి 2016 నాటిది. మనుష్యుల మెదడు చిత్రములను విశ్లేషించు ప్రసిద్ధ ప్రోగ్రాములను ఎక్లుండ్, నికొల్స్, నుట్సన్ అను మువ్వురు పరీక్షించిరి. వారి పద్ధతి సరళమైనది. ఏ పనియు చెప్పక ఊరక పరుండబెట్టిన 499 మంది ఆరోగ్యవంతుల మెదడు చిత్రములను ఆ ప్రోగ్రాములకు ఇచ్చిరి. వారిలో నిజమైన తేడా ఏదియు ఉండకూడదు. నూటికి అయిదుమార్లు పొరపాటున ఏదో కనబడిన సహజము. కొన్ని పద్ధతులలో నూటికి డెబ్బదిమార్లవరకు లేని తేడా కనబడినది. అందొక ప్రోగ్రాములో పదునైదు సంవత్సరములుగా ఎవ్వరికిని తెలియని దోషము దాగియున్నట్లు బయటపడినది. పదునైదేండ్లు! ఆ సంఖ్యలెవ్వరికిని ఆశ్చర్యము కలిగింపలేదు గనుకనే ఎవ్వరును పెట్టె తెరచి చూడలేదు.

ఇబ్రహీంపట్నపు విద్యార్థి చేయగలిగినదియు అట్టిదే. మూడు అడ్డువరుసలు, మూడు నిలువువరుసలు గల బొమ్మచిత్రమును తానే కల్పించి, అందు నాలుగు గళ్లు నీరు, నాలుగు గళ్లు నేల, ఒకటి ఖాళీ అని నిర్ణయించి, జవాబును ముందుగా పెన్సిలుతో వేసికొని, ప్రోగ్రామును దానిమీద నడుపవచ్చును. తొమ్మిది గళ్లు సరిగా చెప్పలేని ప్రోగ్రామును తొమ్మిది లక్షల గళ్లమీద నమ్ముట దేనికి? ఇట్టి పరీక్షను కంప్యూటరు లేని గ్రామ పాఠశాలలో కూడ గళ్లకాగితముమీద చేయింపవచ్చును. ఒక పిల్లవాడు ఉపగ్రహము, ఒకడు ప్రోగ్రాము, ఒకడు నీరటి. నీరటికే నిజమైన చిత్రము తెలియును.

బొమ్మచిత్రమును దాటినవాడు కట్టవద్దకు పోవలెను. ఇది మాత్రము ఏ ప్రోగ్రామును చేసిపెట్టదు. ఉపగ్రహము వచ్చు దినమును ముందుగా చూచుకొని, దాదాపు పదిన్నర గంటలకు, అది పైన పోవువేళకే నీటి అంచున నిలిచి, చేతిఫోనులో అక్షాంశ రేఖాంశములు గుర్తించుకొనవలెను. నీటిలోపలివైపు అయిదు గుర్తులు, బయటివైపు అయిదు. మబ్బు పట్టినచో ఆ దినపు శ్రమ వృథా. వానకాలమున ఎన్నో దినములు అట్లే పోవును. అసలు వానకాలపు చిత్రములలో మబ్బులేనివే మిగులును గనుక, వానలు కురియుచున్న దినముల చెరువును ఈ చిత్రములు అరుదుగా చూచుచున్నవను సంగతి కూడ అక్కడ నిలిచినవానికే తోచును.

పది గుర్తులతో తిరిగివచ్చి విద్యార్థి పటమును తెరచినాడనుకొనుడు. వేయిని తీసివేసినాడు, ఖాళీలను తొలగించినాడు, దశాంశములు సరిగా ఉన్నవి. బయటి అయిదును నేలయని పటము ఒప్పుకొన్నది. లోపలి అయిదింటిలో మూడు నీరని ఒప్పుకొన్నది. మిగిలిన రెండింటిని నేల అనుచున్నది. ఆ రెండుచోట్లను ఉదయము అతడు మోకాలిలోతు నీటిలో నిలిచినాడు. పాదరక్షలు ఇంకను ఆరలేదు.

అతడు పలక తీసి మరల రెండు పిక్సెళ్లు లెక్కవేసెను. సూత్రము సరిగానే ఉన్నది. పరారుణము మాత్రము ఎక్కువగా, పచ్చని పొలములో ఉన్నంత ఎక్కువగా ఉన్నది. ఉదయము తీసిన ఫొటోను తెరచి చూచెను. తన మోకాళ్లచుట్టు, నీటి జాడ కనబడకుండ, గుర్రపుడెక్క గుబురుగా అల్లుకొని ఉన్నది.